మైసన్, హోయి ఆన్ చూడబోయేవాళ్లకు థు బోన్ నది గురించి

మీ ప్రశ్న ఇది: డిసెంబర్‌లో కుటుంబంతో వియత్నాం వెళ్తున్నారు. దా నాంగ్‌లో దిగి మైసన్ శివాలయాలు, హోయి ఆన్ పాత ఊరు చూస్తారు. టూర్ ఏజెంటు థు బోన్ నది మీద పడవ ప్రయాణం కూడా ప్యాకేజీలో కలిపి "చారిత్రక నది" అన్నాడు. నిజంగా అంత చరిత్ర ఉందా, లేక టిక్కెట్టు కోసం చెప్పే మాటా? ఆ ప్రాంతాన్ని ఒకప్పుడు అమరావతి అనేవారట, మన అమరావతికీ దానికీ చుట్టరికం ఏమైనా ఉందా?

చరిత్ర ఉంది. ఏజెంటు చెప్పినదానికన్నా చాలా ఎక్కువే ఉంది. చుట్టరికం సంగతి కొంచెం చిక్కు, మధ్యలో వస్తాను. నేను చాలా ఏళ్లు శాసనాలు చదివే పనిలో ఉన్నాను. మధ్య వియత్నాం తీరాన్ని ఏలిన చాం జనం పాత రాజ్యం చంపా, దాని సంస్కృత శాసనాల కోసమే మొదట ఆ లోయకు వెళ్లాను. అందుకని జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

గైడు పుస్తకాలు మైసన్, ట్రా కియూ, హోయి ఆన్ అని మూడింటిని మూడు వేర్వేరు చోట్లుగా చూపిస్తాయి. ట్రా కియూని చాలాసార్లు చూపించను కూడా చూపించవు. నా లెక్కలో అవి మూడూ ఒకే ఏర్పాటులోని భాగాలు. కొండ మొదట్లో గుడి, మధ్యలో రాజధాని, సముద్రం దగ్గర రేవు, వాటిని కలిపే దారి థు బోన్. రాజులు మారారు, భాష మారింది, దేవుళ్లు మారారు. సరుకు నడిచే దారి మాత్రం దాదాపు రెండు వేల ఏళ్లపాటు అదే.

నది పెద్దదేమీ కాదు. పొడవు సుమారు 200 కిలోమీటర్లు, అంటే మన పెన్నాలో మూడో వంతు. 2,598 మీటర్ల ఎత్తున్న న్గోక్ లిన్ పర్వతం వాలుల్లో పుడుతుంది. పైభాగంలో దాని పేరు ట్రాన్. ఉత్తరంగా పారి, నోంగ్ సన్ దగ్గర కొండల ఇరుకులోంచి బయటపడి, తూర్పుకు తిరిగి, హోయి ఆన్ పక్కన కువా దాయి అనే మొగ దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని పక్కనే వూ జా అనే ఇంకో నది ఉంది. మైదానంలోకి దిగాక రెండింటి పాయలూ అల్లుకుపోతాయి. వూ జా నీళ్లు కొన్ని ఇటు థు బోన్‌లోకి వస్తాయి, కొన్ని దా నాంగ్ వైపు పోతాయి. రెండింటి పరివాహక ప్రాంతం కలిపి 10,000 చదరపు కిలోమీటర్లకు పైనే. ఈ నేలంతా మొన్నటిదాకా క్వాంగ్ నామ్ రాష్ట్రం. 2025 జులై 1న దాన్ని దా నాంగ్ నగరంలో కలిపేశారు కాబట్టి మ్యాపుల్లో క్వాంగ్ నామ్ పేరు కనబడకపోతే కంగారు పడకండి.

వాన సంగతి మీ ప్రయాణానికి కూడా పనికొస్తుంది. పడమట ట్రువాంగ్ సన్ కొండలు గోడలా నిలబడి ఉండటంతో నైరుతి రుతుపవనాల వాన అటు లావోస్ వైపే ఎక్కువగా కురిసిపోతుంది. ఇటువైపు ఆ నెలల్లో వేడిగాలి. ఇక్కడ అసలు వానాకాలం సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా. ఈశాన్య గాలి సముద్రం మీంచి తేమ మోసుకొచ్చి అదే కొండలకు తగులుతుంది. నెల్లూరు వాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. నది ఎగువన ట్రా మీ అనే చోట ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అంత వాన, పొట్టి నది, నిటారు వాలు. ఫలితం ఏమిటంటే వేసవిలో మోకాలి లోతు ఉన్న రేవులో వానాకాలంలో ఇళ్ల కప్పుల దాకా నీళ్లు వస్తాయి. మైదానంలో పొలాలకు ఒండ్రు ఇచ్చేదీ ఈ వరదే, రేవును పూడ్చేదీ ఈ వరదే.

ఇప్పుడు అసలు విషయం. కొండ మీద ఏముంది? దాల్చినచెక్క, అగరు, తేనె, మైనం, వక్క, ఏనుగు దంతం. ట్రా మీ దాల్చినచెక్కకు ఇప్పటికీ పేరుంది. కొండవాళ్లకు లేనిది ఉప్పు. దానితోపాటు ఎండుచేప, ఇనుము, పింగాణీ, కంచు గంటలు. కోతూ, సెడాంగ్ వంటి కొండజాతుల వాళ్లు అడవి సరుకు దించేవారు, కిందివాళ్లు ఉప్పు ఎక్కించేవారు. క్వాంగ్ నామ్‌లో ఇప్పటికీ నోళ్లలో నానే జానపద పాదం ఒకటి ఉంది. దాని సారాంశం: "పై ఏటి వాళ్లకు ఎవరైనా కబురు చెప్పండి, లేత పనసకాయ కిందికి పంపమనండి, ఎగిరే చేపలు మేం పైకి పంపుతాం." ఆ రెండూ కలిపి వండే కూర అక్కడి ఇళ్లలో నిజంగానే ఉంది, దొరికితే తినండి.

1977లో బెన్నెట్ బ్రాన్సన్ అనే పురావస్తు పరిశోధకుడు సుమత్రా నదుల్ని దృష్టిలో పెట్టుకుని ఒక సూత్రం చెప్పాడు. కొండ, అడవి ఉన్న దేశంలో రోడ్లు ఉండవు, నదే రోడ్డు. కాబట్టి నది మొగ ఎవరి చేతిలో ఉంటే ఎగువ సరుకంతా వాళ్ల చేతిలో ఉన్నట్టే. పైవాళ్లను కత్తితో లొంగదీయక్కర్లేదు, ఉప్పు ఆపితే చాలు. తర్వాతి పరిశోధకులు ఈ సూత్రాన్ని థు బోన్‌కు పెట్టి చూశారు. ఇక్కడ అది అచ్చంగా అతుకుతుందని నా అభిప్రాయం. మొగకు ఎదురుగా సముద్రంలో కూ లావ్ చామ్ ద్వీపాలు కూడా ఉన్నాయి కదా. ఓడలు గాలి కోసం ఆగి మంచినీళ్లు నింపుకోవడానికి అంతకన్నా వీలైన చోటు ఆ తీరంలో లేదు. ఆ ద్వీపంలో బాయి లాంగ్ దగ్గర తవ్వితే 9వ శతాబ్దం నాటి చైనా పింగాణీ, పశ్చిమాసియా గాజు పక్కపక్కనే దొరికాయి.

చంపాకు ముందు కూడా కథ ఉంది. క్రీస్తుపూర్వం చివరి శతాబ్దాల్లో ఈ మైదానంలో ఉన్నవాళ్లను సా హుయిన్ సంస్కృతి వాళ్లు అంటారు. చనిపోయినవాళ్ల కోసం పెద్ద పెద్ద కాగులు పాతేవారు. హోయి ఆన్ చుట్టుపక్కల ఇసుక దిబ్బల్లో అవి బోలెడు బయటపడ్డాయి. వాటిలో చైనా రాగి నాణేలు, భారతదేశపు పనితనం కనబడే కార్నీలియన్ (ఎర్రరాయి), అగేట్ (అకీకు రాయి), గాజు పూసలు ఉన్నాయి. లై ఙీ అనే చోట వేల సంఖ్యలో పూసలతోపాటు ఎర్ర కార్నీలియన్ రాయిలో చెక్కిన చిన్న పక్షి, పులిలాంటి జంతువు బొమ్మ దొరికాయి. అంటే రాజులూ శాసనాలూ రాకముందే, తూర్పు కోస్తా మీంచో ఇంకో రేవు మీంచో చేతులు మారుతూ మన సరుకు ఈ నది మొగ దాకా చేరింది.

4వ శతాబ్దం వచ్చేసరికి చంపా రాజుల కేంద్రం నది దక్షిణపు ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ట్రా కియూ. పాత పేరు సింహపురం. 1927, 28లలో ఫ్రెంచివాడు క్లేస్ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఇప్పుడు వెళ్తే మీకు కనబడేది కొన్ని మట్టి గోడల ఆనవాళ్లు, మధ్యలో బుయు చావ్ అనే చిన్న గుట్ట, దాని మీద మేరీమాత చర్చి. రాజధాని అంటే కోటలు, బురుజులు ఊహించుకుని వెళ్లేవాళ్లు నిరాశ పడతారు. కానీ ఆ గుట్ట ఎక్కి నిలబడితే నది, మైదానం, పడమటి కొండలు ఒక్క చూపులో అందుతాయి. ఇక్కడే ఎందుకు కట్టారో ఎవరూ వివరించక్కర్లేదు.

ట్రా కియూ దగ్గరలో దోంగ్ యెన్ చావ్ అనే చోట దొరికిన శాసనం నాకు మైసన్ గుళ్లకన్నా విలువైనది. 4వ శతాబ్దపు నాటిదిగా లెక్కిస్తారు. ప్రాచీన చాం భాషలో ఉంది. మలయ్, జావనీస్, తగలోగ్ మొదలైన ఆస్ట్రోనేసియన్ భాషాకుటుంబం మొత్తంలో ఇప్పటిదాకా దొరికిన రాతల్లో ఇదే మొదటిది. అందులో ఏముందంటే, ఒక నీటి ఊటకు చెందిన రాజుగారి నాగుణ్ని గౌరవించండి అని. యుద్ధాలూ కాదు, బిరుదులూ కాదు, నీళ్లూ పామూ. లిపి మాత్రం దక్షిణ బ్రాహ్మి నుంచి వచ్చినది. కృష్ణా నుంచి పాలారు దాకా ఆ రోజుల్లో వాడిన అక్షరాల కుటుంబమే.

మైసన్‌లో గుడి మొదలుపెట్టింది భద్రవర్మ, 4వ శతాబ్దం చివర లేదా 5వ శతాబ్దం మొదట. దేవుడు భద్రేశ్వరుడు. రాజు తన పేరు కలిపి శివుడికి పేరు పెట్టడం మనకు కొత్త కాదు. ఆయన సంస్కృత శాసనంలో దేవుడికిచ్చిన భూమికి సరిహద్దులు చెప్పాడు. తూర్పున సులహ పర్వతం, దక్షిణాన మహాపర్వతం, పడమట కుచక పర్వతం, ఉత్తరాన మహానది. ఆ మహానదే మన థు బోన్. అంటే ఈ నది రాతలోకి ఎక్కడమే దేవుడి భూమికి హద్దుగా ఎక్కింది. చివర్లో రాజు ఒక షరతు పెట్టాడు. ఈ దానాన్ని ఎవరైనా పాడుచేస్తే వాళ్లు పుట్టినప్పటి నుంచి చేసిన పుణ్యమంతా తనకు రావాలి, తను చేసిన పాపమంతా వాళ్లకు పోవాలి అని. మన రాగిరేకుల చివర ఉండే "స్వదత్తాం పరదత్తాం వా" శ్లోకం దానం లాక్కునేవాణ్ని బెదిరిస్తుంది. ఇక్కడ మాత్రం ఏకంగా ఖాతాలు మార్చుకునే బేరం.

మొదటి గుడి కాలిపోయింది. 7వ శతాబ్దపు మొదట్లో శంభువర్మ తిరిగి కట్టి శంభుభద్రేశ్వరుడని పేరు పెట్టాడు. 658 నాటి ప్రకాశధర్మ శాసనంలో వంశం గురించి చెబుతూ, గంగారాజు అనే పూర్వీకుడు రాజ్యం వదిలిపెట్టి జాహ్నవిని చూడటానికి వెళ్లిపోయాడని రాసి ఉంది. నిజంగా వెళ్లాడా లేదా అన్నది వేరే చర్చ. నాకు ఆసక్తి ఏమిటంటే ఒక మహానది ఒడ్డున కూర్చున్నవాళ్లు ఇంకో నదిని అంతగా తలుచుకున్నారు. అదే ప్రకాశధర్మ ఇంకా పైకి, నది కొండ ఇరుకులోంచి పారే హోన్ కెమ్ దగ్గర బండమీద కూడా శాసనం చెక్కించాడు. పడవలో ఎగువకు పోయే ప్రతివాడి కంటా పడే చోటు అది. రాజుగారి చెయ్యి ఎంతదాకా చాస్తుందో చెప్పే బోర్డు అనుకోవచ్చు.

గుళ్లు కట్టడం 13వ శతాబ్దం దాకా సాగింది. 70కి పైగా కట్టడాలుండేవి. ఇటుక మీద ఇటుక ఎలా అతికించారన్నది చాలాకాలం చర్చ. చెట్ల బంక వాడారని ఇటీవలి పరిశీలనలు చెప్తున్నాయి. 1969 ఆగస్టులో అమెరికన్ బాంబులు పడి, అన్నిటికన్నా గొప్పదైన ఎ1 గోపురం (గుళ్ల గుంపులకు పరిశోధకులు పెట్టిన అక్షరాలివి) కూలిపోయింది. యుద్ధం తర్వాత పోలండ్ వాస్తుశిల్పి కజిమియెర్జ్ క్వియత్కోవ్స్కీ 1980ల మొదట్లో వచ్చి, 1997లో చనిపోయేదాకా ఈ గుళ్లను నిలబెట్టే పనిలోనే ఉన్నారు. హోయి ఆన్‌లో ఆయన విగ్రహం ఉంది, చూడండి. ఆ తర్వాత ఇటలీ వాళ్లు జి సముదాయం బాగుచేశారు. మన పురావస్తు సర్వేక్షణ శాఖ 2017 నుంచి ఎ, హెచ్, కె సముదాయాల మీద పనిచేసింది. 2020 మేలో ఎ10 గుడిలో ఒకే రాతిలో చెక్కిన 9వ శతాబ్దపు శివలింగం బయటపడింది, ఆ వార్త మన పేపర్లలో కూడా వచ్చింది.

ఇక అమరావతి. చంపా అంటే ఒకే రాజ్యం కాదు, నదీలోయల కూటమి. ఉత్తరాన ఇంద్రపురం, అమరావతి, దక్షిణంగా విజయ, కౌఠార, పాండురంగ. ఇవి శాసనాల్లో వచ్చే పేర్లే. అమరావతి అంటే క్వాంగ్ నామ్, అంటే థు బోన్ లోయ. మన అమరావతి నుంచి జనం వెళ్లి పెట్టిన పేరు అనడానికి ఆధారం లేదు. ఇంద్రుడి పట్టణం పేరు అది. పక్కనే ఇంద్రపురం కూడా ఉంది కదా, రెండూ ఒకే పురాణం నుంచి వచ్చాయి. "ఆంధ్రులు ఏలిన వియత్నాం" అని వాట్సాప్‌లో తిరిగే పోస్టులు నాకూ వస్తుంటాయి, నమ్మకండి. చంపా రాజులు స్థానికులు, మాట్లాడింది చాం భాష. సంస్కృతాన్నీ శివుణ్నీ తమకు కావలసినట్టు తీసుకుని వాడుకున్నారు.

అయితే కళ విషయంలో సంబంధం గురించి గట్టి చర్చే ఉంది. మైసన్‌కు దక్షిణాన ఉన్న దోంగ్ యువాంగ్‌లో 875లో రెండో ఇంద్రవర్మ పెద్ద బౌద్ధ విహారం కట్టించాడు. అక్కడ 1911లో ఒక కంచు బుద్ధుడు దొరికాడు. విగ్రహం ఆ విహారం కన్నా పాతది. భుజం మీంచి జారే వస్త్రపు మడతలు చూసి కొందరు మన అమరావతి శైలి అన్నారు, కొందరు శ్రీలంక అన్నారు. ఎక్కడ పోతపోశారో గానీ ఓడ ఎక్కి వచ్చి ఉంటాడనే ఎక్కువమంది అభిప్రాయం. ఇప్పుడు హో చి మిన్ సిటీ చరిత్ర మ్యూజియంలో ఉన్నాడు. మీ టూర్ అటు కూడా ఉంటే తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సిన విగ్రహం అది.

982లో ఉత్తరం నుంచి వియత్నామీ రాజు లే హోవాన్ దాడి చేసి ఇంద్రపురాన్ని కొల్లగొట్టాడు. ఆ తర్వాత రాజధాని దక్షిణాన విజయకు వెళ్లిపోయింది. 1306లో చంపా రాజు జయసింహవర్మ ఉత్తరాన ఉన్న వియత్నామీల రాజ్యం దాయ్ వియత్ రాకుమారి హుయెన్ ట్రాన్‌ను పెళ్లి చేసుకుని కన్యాశుల్కంగా ఉత్తరపు రెండు మండలాలు ఇచ్చేశాడు. దాంతో సరిహద్దు ఈ నది దగ్గరకు వచ్చింది. దాదాపు శతాబ్దం తర్వాత, 1402లో నదికి దక్షిణం కూడా పోయింది. 1471లో విజయ పడిపోయాక క్వాంగ్ నామ్ అనే పేరు పుట్టింది. చాం జనం పూర్తిగా వెళ్లిపోలేదు, వాళ్ల దేవతలూ వెళ్లిపోలేదు. నది పేరుతోనే బా థు బోన్ అనే అమ్మవారు ఉంది. చాంద్రమానం రెండో నెల 12వ రోజున జాతర, నదిలోంచి నీళ్లు మోసుకొచ్చే ఊరేగింపు, పడవ పందాలు. వియత్నామీలు కొలుస్తారు, కానీ మూలం చాం దేవత అని చాలామంది పరిశోధకుల మాట. గ్రామదేవతలు తెలిసినవాళ్లకు ఇదేమంత వింత కాదు.

రేవు మళ్లీ వెలిగింది వియత్నామీ గుయెన్ ప్రభువుల కాలంలో. గుయెన్ హోవాంగ్ 1558లో దక్షిణానికి వచ్చాడు. 1602లో నది ఒడ్డున తాన్ చియెమ్ దగ్గర క్వాంగ్ నామ్ పాలనా కేంద్రం పెట్టాడు. ఉత్తరాన ట్రిన్ ప్రభువులతో యుద్ధం. దానికి డబ్బు కావాలి, తుపాకులు కావాలి. రెండూ హోయి ఆన్ నుంచే వచ్చాయి. ఓడలు ఈశాన్య గాలితో ఏడాది మొదట్లో వచ్చేవి, నైరుతి గాలితో తిరిగి వెళ్లేవి. మధ్యలో నెలల తరబడి సంత. జపాన్ వాళ్లు వెండి, రాగి నాణేలు తెచ్చి పట్టు, అగరు పట్టుకెళ్లేవారు. 1618 నుంచి 22 దాకా ఆ ప్రాంతంలో ఉన్న ఇటలీ మతబోధకుడు బోరీ, ఊరు ఎంత పెద్దదంటే చైనా ఊరు ఒకటి, జపాన్ ఊరు ఒకటి అని రెండు ఊళ్లనుకోవచ్చని రాశాడు. 1619లో గుయెన్ ప్రభువు తన ఇంటి పిల్లను నాగసాకి వర్తకుడు అరాకి సోతారోకు ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ వధువు ఊరేగింపును నాగసాకి ఉత్సవంలో ఇప్పటికీ ప్రదర్శిస్తారు. వ్యాపారం అంటే అంత సీరియస్.

1630లలో జపాన్ తలుపులు మూసుకుంది. 1695లో మద్రాసు సెయింట్ జార్జ్ కోట నుంచి ఈస్టిండియా కంపెనీ థామస్ బోయర్‌ను పంపింది. నది వెంట ఒకే వీధి, రెండు వరుసల ఇళ్లు, సుమారు వంద, అన్నీ చైనా వాళ్లవే, జపాన్ కుటుంబాలు నాలుగో ఐదో మిగిలాయని ఆయన రాశాడు. మీరు దీపాల మధ్య నడవబోయే వీధి ఇదే. 20,000 డాంగ్ నోటు మీద కనబడే జపాన్ వంతెన మరమ్మతులు 2024లో పూర్తయ్యాయి.

ఈ సరుకు ఎక్కడ తయారైంది? నది ఒడ్డునే. ఒండ్రు నేలల్లో మల్బరీ తోటలు, మా చావ్ వంటి ఊళ్లలో మగ్గాలు. ఒక వెన్నెల రాత్రి మల్బరీ ఆకు కోస్తూ పాడుతున్న దోవాన్ అనే పల్లెటూరి పిల్ల గొంతు పడవలో పోతున్న రాకుమారుడి చెవిన పడిందని, ఆమె తర్వాత రాణి అయి పట్టు పరిశ్రమను పోషించిందని చెప్తారు. వెన్నెల, పాట కల్పన కావచ్చు. రాణి నిజం, సమాధి ఇప్పటికీ ఉంది. తాన్ హా కుమ్మరులు, నదికి అవతల కిమ్ బోంగ్ వడ్రంగులు, ట్రా క్వే కూరగాయల రైతులు, అందరూ రేవును నమ్ముకుని బతికినవాళ్లే. ఇంకో విషయం కూడా మరవకూడదు. వియత్నామీ భాషను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతికి మొదటి అడుగులు పడింది తాన్ చియెమ్‌లో, పోర్చుగీసు ఫాదర్ ఫ్రాన్సిస్కో దె పినా చేతుల్లో. ఆయన 1625లో సముద్రంలో మునిగి చనిపోయాడు. ఆయన దగ్గర భాష నేర్చుకున్న అలెగ్జాండర్ దె రోడ్ 1651లో రోమ్‌లో నిఘంటువు అచ్చు వేయించాడు. పేరంతా రోడ్‌కే వచ్చింది.

రేవును చంపింది 1770ల తై సన్ తిరుగుబాటు యుద్ధం అంటారు. యుద్ధం కాల్చింది నిజమే, కానీ మళ్లీ కట్టుకున్నారు. కోలుకోనివ్వంది మేట. మొగ పూడిపోయింది, హోయి ఆన్‌ను దా నాంగ్‌తో కలిపే కో కో అనే నీటి దారి పూడిపోయింది. ఓడలేమో పెద్దవవుతూ వచ్చాయి. 1888లో ఫ్రెంచివాళ్లు లోతైన దా నాంగ్ రేవును తమ చేతిలోకి తీసుకున్నాక ఇక వ్యాపారం అటే. డబ్బు లేక ఎవరూ కొత్త మేడలు కట్టలేదు, అందుకే పాత ఇళ్లు మిగిలాయి. 1999లో యునెస్కో హోయి ఆన్‌నూ మైసన్‌నూ ఒకే ఏడాది ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది.

ఇప్పుడు కష్టం తిరగబడింది. అప్పట్లో ఇసుక ఎక్కువై ఇబ్బంది, ఇప్పుడు తక్కువై. ఎగువన జలవిద్యుత్ ఆనకట్టలు వరసగా వచ్చాయి. 190 మెగావాట్ల ట్రాన్ 2 ఆనకట్టకు 2012లో నీరు కారడం, చుట్టుపక్కల భూమి కంపించడం చూసి జనం హడలిపోయారు. దాక్ మీ 4 అనేది వూ జా నీళ్లను తీసి థు బోన్‌లోకి మళ్లిస్తుంది. వేసవిలో దా నాంగ్ మంచినీటి కేంద్రం దగ్గరకు ఉప్పునీరు ఎక్కి రావడం, దా నాంగ్, క్వాంగ్ నామ్ ప్రభుత్వాలు రెండూ ఏళ్ల తరబడి తగువులాడుకోవడం జరిగాయి. కృష్ణా నీళ్ల గొడవ చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఇప్పుడు రెండూ ఒకే పరిపాలన కిందికి వచ్చాయి కాబట్టి తగువు కాగితాల మీద తీరింది, నీళ్ల దగ్గర తీరుతుందా అన్నది చూడాలి. ఆనకట్టల వెనక ఇసుక ఆగిపోవడం, నదిలో ఇసుక తవ్వకం, ఒడ్డున రిసార్టులు, ఇవన్నీ కలిసి కువా దాయి బీచ్‌ను కోసేశాయి. పాత ఫొటోలు చూసి ఆ బీచ్ కోసం వెళ్లకండి, కాంక్రీటు గోడలూ ఇసుక బస్తాలూ కనబడతాయి.

వరద మాత్రం తగ్గలేదు. హోయి ఆన్ పాత ఇళ్లలో 1964, 1999 వరదల గుర్తులు గోడల మీద చూపిస్తారు. 2025 అక్టోబర్ చివర వచ్చిన వరద ఆరు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత. ఈ ఇళ్ల లోపల, పైఅంతస్తుకు సామాను ఎక్కించే తలుపు ఒకటి కనబడుతుంది, అది అలంకారం కాదు.

మీ ప్లాన్ గురించి. దీపాల పడవలు తిరిగేది హోవాయ్ అనే చిన్న పాయలో, అసలు నదిలో కాదు. పిల్లలు సరదా పడతారు కాబట్టి ఒకసారి ఎక్కండి, ఆ రద్దీలో నది కనబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మొదట దా నాంగ్‌లో చాం శిల్పాల మ్యూజియం చూడండి, 1919లో తెరిచింది. మైసన్, ట్రా కియూ శిల్పాల్లో మంచివి అక్కడే ఉన్నాయి, అవి చూశాక మైసన్ వెళ్తే ఖాళీ గోడలు కూడా అర్థమవుతాయి. మైసన్‌కు పొద్దున్నే తలుపులు తెరిచే వేళకు వెళ్లండి. తిరుగు దారిలో ట్రా కియూ గుట్ట దగ్గర కారు ఆపమనండి, డ్రైవర్ ఎందుకని అడుగుతాడు, అడగనివ్వండి. ఓపిక, రోజు రెండూ మిగిలితే నోంగ్ సన్ వైపు ఎగువకు వెళ్లండి, పండ్ల తోటల దాయ్ బిన్ ఊరు అక్కడే.

డిసెంబర్ అంటే వానాకాలం చివర. మొదటి రెండు వారాలు తప్పించి నెలాఖరుకు జరుపుకోగలిగితే మంచిది. పిల్లల సెలవుల ఇబ్బంది లేకపోతే ఫిబ్రవరి, మార్చి ఇంకా మంచివి, అదృష్టం ఉంటే అమ్మవారి జాతర కూడా తగులుతుంది. కూ లావ్ చామ్ పడవలు మార్చి నుంచే నమ్మకంగా నడుస్తాయి, డిసెంబర్‌లో సముద్రం బాగోలేదని రోజుల తరబడి ఆపేస్తారు. నది పడవకు కూడా ఏజెంటుకు ముందే డబ్బు కట్టకండి. అక్కడికి వెళ్లి నీటిమట్టం చూసుకుని రేవులోనే టిక్కెట్టు తీసుకోండి.